సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్లకు నర్సులనే నిందిస్తే ఎలా?

కోవిడ్ మొదటి ఏడాది అమెరికా ఆసుపత్రుల్లో సెంట్రల్ లైన్ (మందులు ఎక్కించడానికి మెడ లాంటి చోట పెద్ద సిరలోకి వేసే గొట్టం) వల్ల రక్తంలోకి చేరే ఇన్ఫెక్షన్లు ఎగబాకాయి. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ ఇన్ఫెక్షన్లను కొలిచే సూచీ 2019తో పోలిస్తే 2020 చివరి త్రైమాసికంలో 47 శాతం పెరిగింది. అంతకుముందు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన సూచీ అది. నర్సులు నియమాలు గాలికొదిలేశారని అనేయడం తేలికే. ఆ ఐసీయూల్లో పని ఎలా నడిచిందో చూస్తే మాత్రం ఆ మాట నిలబడదు.

మెడ దగ్గర లైను ఉన్న రోగిని రోజుకు దాదాపు 16 గంటలు బోర్లా పడుకోబెట్టారు. లాలాజలం, చెమట డ్రెస్సింగ్ కిందికి దిగి అంచు లేచిపోతుంది. మామూలుగా పారదర్శక డ్రెస్సింగ్‌ను ఏడు రోజులకోసారి మారిస్తే సరిపోతుంది, తడిసినా ఊడినా వెంటనే మార్చాలి. కానీ ముఖం కింద నలిగిపోతున్న డ్రెస్సింగ్ కనిపించాలంటేనే మనిషిని తిప్పాలి. అందుకు నలుగురైదుగురు కావాలి, వాళ్లందరికీ పీపీఈ కిట్లు కావాలి. కిట్లకే కరువొచ్చిన రోజులవి. అందుకే చాలాచోట్ల మందును కొలతగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులను గది బయట పెట్టి, పొడవాటి ట్యూబులు తగిలించారు. వైరస్ నుంచి నర్సుకు రక్షణ దొరికింది, నిజమే. మందు మార్చడానికి లోపలికి వెళ్లినప్పుడల్లా లైను మీద పడే చూపు మాత్రం పోయింది.

ఈ ఇన్ఫెక్షన్ల గురించి ఎవరు మాట్లాడినా, వాటిని బాగా తగ్గించిన అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఐసీయూల చెక్‌లిస్టునే చూపిస్తారు. 2006లో వెలువడిన ఆ ఫలితాలు గొప్పవే. అయితే చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో చర్మం శుభ్రం చేయడం, రోగిని నిండా కప్పడం లాంటి అందులోని అంశాల్లో ఎక్కువ భాగం లైను వేసే ఆ కాసేపటివి. పైగా అక్కడ సామాన్లన్నీ ఒకే బండిలో సిద్ధంగా ఉంచారు, తప్పు జరిగితే డాక్టర్నైనా ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. కాగితాన్ని మాత్రం తెచ్చుకుని ఈ రెండింటినీ వదిలేసిన ఆసుపత్రులకు ఆ ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది?

లైను వేశాక మిగిలేదంతా రోజువారీ చాకిరీ. మందు ఎక్కించే ప్రతిసారీ హబ్‌ను, అంటే లైను బయటి చివర మందు ఎక్కించే మూతిని, స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. చదవడానికి ఇది కొన్ని సెకన్ల పనే. వెంటిలేటర్ మీదున్న ముగ్గురిని ఒక్కరే చూసుకుంటుంటే, పక్క మంచం అలారం మోగినప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ఆ సెకన్లే. షిఫ్టు చివర ఫారంలో మాత్రం టిక్కు పడుతుంది.

కాబట్టి హబ్ తుడిచారా, డ్రెస్సింగ్ మార్చారా అని అడిగే ఆడిట్ ఫారంలోనే ఇంకో గడి ఉండాలి: ఆ షిఫ్టులో ఆ నర్సు చేతిలో ఎంతమంది రోగులున్నారు? దాన్ని నింపి సంతకం పెట్టాల్సింది నర్సు కాదు, డ్యూటీలు వేసిన అధికారి.