ఎన్ని పంచారో కాదు, ఎన్ని తిరిగొచ్చాయో చెప్పండి

పెద్దపేగు క్యాన్సర్ అవగాహన మాసమైన మార్చిలో, అమెరికాలోని ఫిలిపినో వలసల మధ్య మలపరీక్ష కిట్లు పంచి, పంచిన లెక్కనే ఘనతగా చెప్పుకునే శిబిరాలకు ఒక పాత లెక్క గుర్తుచేయాలి. లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ (యూసీఎల్ఏ) పరిశోధకులు చర్చిలు, సంఘాల ద్వారా 548 మంది ఫిలిపినోలతో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. కూర్చోబెట్టి వివరించి, కిట్ కూడా ఇచ్చినవారిలో ఆరు నెలల్లో పరీక్ష చేయించుకున్నామన్నది 30 శాతం. వివరించి కిట్ ఇవ్వనివారిలో 25. రెండూ లేనివారిలో 9. కిట్‌తో అదనంగా వచ్చింది ఐదే!

మనుషులు, నిధులు చాలవన్నది నిర్వాహకుల మాట. కాదనం. కానీ ఇంటికెళ్లాక అరలో పడుండే కిట్‌కు పెట్టింది కూడా ఖర్చే కదా?

చెప్పాల్సింది చాలానే ఉంది. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షకు మలం కమోడ్ నీళ్లలో పడకముందే కాగితం మీద పట్టాలి. మూతకున్న పుల్లతో పైపైన నాలుగైదు చోట్ల గీకాలి. పుల్ల గాడులు నిండితే చాలు, ముద్ద అక్కర్లేదు. సీసా బిగించి, తీసిన తేదీ రాయాలి. తేదీ లేని సీసాను ల్యాబ్ తిప్పికొడుతుంది. ఎండలో కారులో వదిలేస్తే హిమోగ్లోబిన్ చెడిపోయి, ఉన్న రక్తం కూడా లేనట్టే వస్తుంది. పాత రకం మలపరీక్షలోలాగా మాంసం, విటమిన్ సి మానక్కర్లేదు. ఇక మలాన్ని పోస్టులో పంపడమా అన్న సిగ్గు ఉండనే ఉంది. ఫిలిపినోల భాష తగాలోగ్‌లో దాన్ని ‘హియా’ అంటారు. అది కరపత్రంతో పోదు, తమ భాషలో తమవాళ్లు చెబితేనే పోతుంది.

పాజిటివ్ వస్తే, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీ తప్పదు. ‘మొలల వల్లేలే’ అని సర్దిచెప్పుకుని మళ్లీ ఫిట్ చేయించుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 2022 మే 31 నుంచి మొదలైన చాలా ప్రైవేటు బీమా ప్లాన్లలో ఆ కొలొనోస్కోపీకి జేబులోంచి కట్టక్కర్లేదు. ఈ ముక్క చెప్పని శిబిరం దేనికి? అమెరికా ఆసుపత్రుల్లో ఇతరులకు సేవచేసే నర్సుల్లో ఫిలిపినోలు ఎందరో. వారి ఇళ్లలోని పెద్దలకు చెప్పేవాళ్లేరీ?

అక్కడి మన తెలుగు సంఘాలూ భుజాలు తడుముకోవాలి. 2021 నుంచి అక్కడ 45 ఏళ్లకే పరీక్ష మొదలుపెట్టమంటున్నారు.

ఎన్ని కిట్లు తిరిగొచ్చాయి, ఎన్ని పాజిటివ్, వారిలో కొలొనోస్కోపీ ఎందరికి అయింది? ఈ మూడు అంకెలు లేని నివేదికలు మాకొద్దు. బ్యానర్ ముందు దిగిన ఫొటోలు మీ దగ్గరే ఉంచుకోండి.