లాస్ట్ టూ మినిట్ రిపోర్ట్ గారికి, మీరు వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది

గౌరవనీయులైన ఎన్‌బీఏ లాస్ట్ టూ మినిట్ రిపోర్ట్ గారికి,

నమస్కారాలండీ. 2015 మార్చిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మీరు పుట్టినప్పటి నుంచి మీకు ఒకటే ఉద్యోగం. హోరాహోరీగా నడిచిన మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాలు, ఓవర్‌టైమ్ ఉంటే అది కూడా, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, రెఫరీలు ఎక్కడ విజిల్ ఊదాలో ఊదలేదు, ఎక్కడ అనవసరంగా ఊదారు అన్నది మర్నాడు సాయంత్రానికి పట్టిక వేసి లోకానికి చూపించడం. స్కోరు మాత్రం మారదు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయని మనవాళ్లు అంటారు గానీ, మీరు మరీ అంత ఆలస్యం చేయరు, ఒక్క రోజులోనే మొరుగుతారు, ఆ మాట ఒప్పుకోవాలి.

2023 జనవరి 28, బోస్టన్. మీకు గుర్తుండే ఉంటుంది. 105-105 దగ్గర టైమ్ అయిపోతుంటే లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ లేఅప్‌కి, అంటే రింగు దగ్గరికెళ్లి బంతి వేయడానికి లేచాడు, బోస్టన్ ఆటగాడు జేసన్ టేటమ్ చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. ఇక్కడ ఆదివారం పొద్దున టీవీ ముందు కూర్చున్న మాకు కూడా కనిపించింది. కోర్టు మీదున్న ముగ్గురు రెఫరీలకి కనిపించలేదు. లెబ్రాన్ మోకాళ్ల మీద కూలబడిపోయాడు. అతని జట్టులోని ప్యాట్రిక్ బెవర్లీ ఇంకో అడుగు ముందుకేసి, ఫొటోగ్రాఫర్ కెమెరా తీసుకెళ్లి రెఫరీకి ఫొటో చూపించబోయాడు, దానికి అతని మీద, ప్రవర్తన బాగోలేదని వేసే టెక్నికల్ ఫౌల్ వేశారు. అంటే కొట్టినందుకు ఫౌల్ లేదు, కొట్టిన ఫొటో చూపించినందుకు ఫౌల్ ఉంది! ఓవర్‌టైమ్‌లో లేకర్స్ 125-121తో ఓడింది. పొరపాటు చేశాం, మాకు నిద్ర పట్టదు అని రెఫరీల సంఘం బాధపడింది. అవును, అది ఫౌలే అని మీరూ మర్నాడు ముద్ర వేశారు. నాకు లేకర్స్ అంటే ప్రేమేం లేదు, వాళ్లు ఓడిన పూట ఒక ఇడ్లీ ఎక్కువే తింటాను, కానీ ఆ రోజు మాత్రం అది కూడా సయించలేదు.

అంతకన్నా ముందు 2016 మేలో మీరు రాసిన ఒక పట్టిక ఉంది, అది మీ పనితనానికి పరాకాష్ఠ. స్పర్స్, థండర్ జట్ల ప్లేఆఫ్స్ రెండో మ్యాచ్. బంతి లోపలికి విసరాల్సిన థండర్ ఆటగాడు డయాన్ వెయిటర్స్ ముందు తన మోచేతిని స్పర్స్ ఆటగాడు మనూ జినోబిలీ మీదకి విసిరాడు. ఆ తర్వాత అక్కడ జరిగింది బాస్కెట్‌బాలో కబడ్డీయో ఎవరికీ అర్థం కాలేదు. మీరు కూర్చుని లెక్క తీస్తే చివరి 13.5 సెకన్లలో ఐదు తప్పులు తేలాయి. మూడు సెకన్లు తిరక్కుండానే ఒకటి! థండర్ ఒక్క పాయింటుతో గెలిచింది, గెలిచినట్టే ఉంది.

పాపం, ఇంత కష్టపడతారు గానీ మీకు ఒక్క మిత్రుడు కూడా లేడు. అదే ఏడాది రెఫరీల సంఘం మిమ్మల్ని ఎత్తేయమంది, సరే, తప్పులు పట్టేవాడిని ఎవరు కోరుకుంటారు అనుకుందాం. క్రిస్మస్ మ్యాచ్‌లో వారియర్స్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్‌ని చివర్లో ప్రత్యర్థి రిచర్డ్ జెఫర్సన్ పడేశాడని, అది ఫౌల్ ఇవ్వాల్సిందని మీరు అతని తరఫునే రాశారు కదా. అతనేమో రెఫరీలని ఇలా బలిపెట్టడం ఏంటని మీ మీదే విరుచుకుపడ్డాడు. ఒక్క పాయింటుతో ఓడినవాడు ఆ కాగితం పెట్టుకుని ఏం చేసుకుంటాడు చెప్పండి?

ఇంతకీ నా అసలు డౌటు, ఆ రెండు నిమిషాలే ఎందుకు? 2019 డిసెంబర్ 3న శాన్ ఆంటోనియోలో రాకెట్స్ ఆటగాడు జేమ్స్ హార్డెన్ డంక్ చేశాడు, అంటే ఎగిరి బంతిని రింగులోకి కుక్కాడు. బంతి రింగులోంచి దిగింది, వల దాన్ని మళ్లీ పైకి విసిరేసింది, రెఫరీలు బాస్కెట్ కాదన్నారు. బంతి వలలోంచి వెళ్లడం కన్నా ఈ ఆటలో ఇంకేం జరగాలో నాకు తెలియదు. రాకెట్స్ రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి సరిగ్గా ఆ రెండు పాయింట్లతోనే ఓడారు, 135-133. కానీ అది నాలుగో క్వార్టర్‌లో ఇంకా దాదాపు ఎనిమిది నిమిషాలు ఉండగా జరిగింది, మీ పరిధిలోకి రాదు. రాకెట్స్ అప్పీలుకి వెళ్తే లీగ్ ఏమంది? తప్పు జరిగింది నిజమే, కోలుకోవడానికి మీకు బోలెడు టైమ్ ఉంది కదా అంది.

సరే, టైమ్ లేనివాళ్ల సంగతి చూద్దాం. 2024 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో స్కోరు సమానంగా ఉంది, సెకను కూడా మిగల్లేదు, నిక్స్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ మీద లేని ఫౌల్ ఊదారు, ఆ ఫ్రీ త్రోలతో నిక్స్ 105-103తో ఓడింది. తప్పేనని రెఫరీ ఆ రాత్రే ఒప్పుకున్నాడు. నిక్స్ అప్పీలు చేస్తే, ఇది రెఫరీ అంచనాలో పొరపాటు, రూల్‌ని తప్పుగా వాడటం కాదు, కాబట్టి కుదరదన్నారు. టైమ్ ఉంటే టైమ్ ఉందంటారు, లేకపోతే అంచనా అంటారు, మరి అప్పీలు గెలవాలంటే తప్పు ఏ నిమిషంలో జరగాలో కాస్త ముందే చెప్పొచ్చు కదా?

గెలిచిన అప్పీలు లేకపోలేదు. 2007 డిసెంబర్‌లో అట్లాంటాలో మయామీ ఆటగాడు షకీల్ ఒనీల్‌కి (అందరూ పిలిచేది షాక్ అని) ఐదు ఫౌల్సే ఉంటే స్కోరర్లు ఆరు లెక్కేసి బయటికి పంపేశారు. లీగ్ పెద్దమనసు చేసుకుని చివరి 51.9 సెకన్లు మళ్లీ ఆడించింది, 2008 మార్చిలో. అప్పటికి షాక్ మయామీలోనే లేడు, ఫీనిక్స్‌కి ట్రేడ్ అయిపోయాడు. ఎవరి కోసం ఆడించారో ఆయన లేకుండానే 51.9 సెకన్లు ఆడారు, ఒక్క పాయింటు కూడా ఎవరూ కొట్టలేదు, అట్లాంటా జట్టు హాక్స్ 114-111తో మళ్లీ గెలిచింది. మీరు అప్పటికి ఇంకా పుట్టలేదు గానీ, మీ వంశం ఏదో అక్కడే తెలిసిపోతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పాయింట్ల పట్టికలో గెలుపు, ఓటమి పక్కన ఇంకో కాలమ్ పెట్టించండి, 'క్షమించండి' అని. ఎవరికి ఎన్ని వచ్చాయో సీజన్ చివర్లో లెక్క చూసుకుంటారు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ప్రేక్షకుడు

తా.క.: మీరు విడుదలయ్యే న్యూయార్క్ సాయంత్రం ఐదు, చలికాలంలో మాకు తెల్లవారుజామున మూడున్నర. దయచేసి నోటిఫికేషన్ సౌండ్ తగ్గించండి, ఇంట్లో వాళ్లు లేస్తున్నారు.