పప్పుకు ఎనిమిది గంటలు, ఆకుకూరకు ఇరవై నిమిషాలు

సెలవులకు హైదరాబాద్ వచ్చే పిల్లలు అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో మోసుకొచ్చే వస్తువుల్లో స్లో కుక్కర్ ఒకటి, తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ. దాని గతి ఏమవుతుందో కూడా తెలిసిందే. రెండుసార్లు వండుతారు, "ఇందులో ఏం వేసినా ఒకటే రుచి" అని తేల్చేస్తారు, అట్టపెట్టెతో సహా అటకెక్కిస్తారు. ఇందులో కుక్కర్ తప్పు లేదు, దానితోపాటు వచ్చిన వంటల పుస్తకానిదే తప్పు. సాసేజ్ (సన్నని తొక్కలో కూరిన కీమా), బీన్స్, పాలకూర అన్నీ పొద్దున్నే పడేసి మూతపెట్టి ఆఫీసుకు పొమ్మంటుందది. సాయంత్రం మూత తీస్తే సాసేజ్ నీళ్లు తాగిన స్పాంజి ముక్క. ఆకుకూర ఏదో గుర్తుపట్టడానికి వాసన చూడాలి, ఆ వాసనా ఉండదు.

ఎనిమిది గంటల ఉడుకు సాసేజ్‌కూ అక్కర్లేదు, ఆకుకూరకూ అక్కర్లేదు. అది కావలసింది వాటి అడుగున ఉండే పప్పుకూ దుంపకూ. స్లో కుక్కర్‌ని పప్పుకుండ అనుకుంటే పనికొస్తుంది, సర్వం వేసే డబ్బా అనుకుంటే పనికిరాదు. అసలది పుట్టిందే గింజల కోసం. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1940లో దీనికి పేటెంటు పొందాడు. శుక్రవారం పొద్దుగూకే ముందు బీన్స్ కుండను బేకరీ పొయ్యిలో పెట్టి రాత్రంతా మగ్గనిచ్చే యూదుల వంటకం గురించి వాళ్లమ్మ చెప్పిన సంగతే దీనికి మూలం. క్రాక్‌పాట్ అన్న పేరుతో అది అందరి వంటిళ్లలోకీ వచ్చింది 1971లో. రాత్రంతా కుండ పెట్టడం హైదరాబాద్‌కు నేర్పక్కర్లేదు, హలీం భట్టీలు చూసిన ఊరు. కాకపోతే అక్కడ ఘోట్నీ కర్ర పట్టి దంచే మనిషి ఉంటాడు. ఇక్కడ కలిపే చెయ్యి లేదు కాబట్టి ఏది ఎప్పుడు వేశామన్నదే అసలు పని.

వంట కన్నా ముందు ప్లగ్గు సంగతి. అమెరికా కుక్కర్ 120 వోల్టులది, ఇక్కడి కరెంటు 230. పిన్ను మార్చే అడాప్టర్ పెడితే చాలనుకుంటే పొరపాటు, అది పిన్నునే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 250 వాట్ల కుక్కర్‌ని నేరుగా ఇక్కడి సాకెట్‌లో పెడితే అది లాగేది దాదాపు 900 వాట్లు. కాయిల్ గానీ బోర్డు గానీ కాలిపోతుంది, ఒక్కోసారి పింగాణీ గిన్నే పగులుతుంది. వోల్టేజీ తగ్గించే 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ రోజంతా గుయ్యిమంటూ వేడెక్కే పెట్టెను పెద్దవాళ్ల వంటింట్లో వదిలి వెళ్లడం మంచి ఆలోచన కాదు. ఇక్కడే 230 వోల్టులది కొనివ్వండి. లండన్, మెల్‌బోర్న్, దుబాయ్ నుంచి తెచ్చినదైతే పిన్ను మారిస్తే సరిపోతుంది. ఇంకో మాట: డిజిటల్ బటన్లది కాకుండా నాబ్ తిప్పేది తీసుకోండి. మధ్యాహ్నం కరెంటు పోయి వస్తే నాబ్ ఉన్నది మళ్లీ తనంతట తాను మొదలవుతుంది. డిజిటల్‌ది చాలావరకు ఆగిపోయి సాయంత్రం దాకా చల్లగా కూచుంటుంది.

ఇక వంట, శనగపప్పు సాసేజ్ ఆకుకూర. నలుగురికి, మూడున్నర నాలుగు లీటర్ల గిన్నెలో. పచ్చి శనగపప్పు 150 గ్రాములు, ఆలుగడ్డ 300, ఉల్లిగడ్డలు పెద్దవి రెండు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, పసుపు పావు చెంచా, కారం ఒక చెంచా, ధనియాల పొడి రెండు చెంచాలు. సాసేజ్ 400 గ్రాములు, తోటకూర రెండు కట్టలు, ఒలిచిన పుంటికూర (గోంగూర) ఆకు ఒక గుప్పెడు, పచ్చిమిర్చి నాలుగు.

రాత్రే పప్పు నానబెట్టండి. పొద్దున మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి ఉల్లిగడ్డలు ఎర్రబడేదాకా వేయించాలి. ఈ పది నిమిషాలు బద్ధకిస్తే సాయంత్రం ఏం చేసినా కుదరదు. స్లో కుక్కర్‌లోని వేడి, నీళ్లు మరిగే స్థాయిని దాటదు. ఉల్లి ఎర్రబడాలంటే 140 డిగ్రీల దాకా పోవాలి. పచ్చి ఉల్లిగడ్డ అందులో ఎన్ని గంటలున్నా తెల్లగా, తియ్యగా, మెత్తగా ఉడుకుతుందే తప్ప వేగదు. అల్లం వెల్లుల్లి, కారం కూడా ఆ నూనెలోనే పచ్చివాసన పోయేదాకా వేగాలి. లవంగం, చెక్క వేసే అలవాటుంటే మామూలుగా వేసేదాంట్లో సగమే. ఎనిమిది గంటల్లో అవి కషాయం దిగుతాయి.

గిన్నెలో ముందు ఆలుగడ్డలు, అంగుళం ముక్కలుగా, అడుగునా అంచుల వెంటా. వేడి వచ్చేది అక్కణ్ణుంచే, పైన వేసిన దుంప సాయంత్రానికీ కటుక్కుమంటుంది. వాటి మీద నానిన పప్పు, వేయించిన ఉల్లి, మరుగుతున్న నీళ్లు 600 మిల్లీలీటర్లు. చల్లనీళ్లు పోస్తే గిన్నె వేడెక్కడానికే గంటకు పైగా పోతుంది. గిన్నె మొత్తం సగానికీ మూడు వంతులకూ మధ్య నిండి ఉండాలి. అంతకు తక్కువైతే అంచులు మాడతాయి, ఎక్కువైతే నడుమ ఉడకదు. నాబ్ 'లో' (తక్కువ వేడి) మీద పెట్టి ఎనిమిది గంటలు. ఇంట్లో ఉండేవాళ్లయితే 'హై' (ఎక్కువ వేడి) మీద నాలుగు. ఎనిమిది గంటలకు కరెంటు ఖర్చు రెండు యూనిట్ల లోపే.

పప్పు ఉడకలేదన్న ఫిర్యాదుకు హైదరాబాద్‌లో మొదటి కారణం బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురును బిగించేస్తాయి. ప్రెషర్ కుక్కర్ ఆ బిగువును విజిల్‌తో విరగ్గొడుతుంది, దీనికి ఆ బలం లేదు. నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. బోరు నీళ్లు తప్పకపోతే ఆవగింజంత వంటసోడా, అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. రెండో కారణం పులుపు. టమాటా, చింతపండు, పుంటికూర, ఏదైనా సరే, పప్పుబద్ద రెండు వేళ్ల మధ్య నొక్కితే పిండిలా నలిగాకే పడాలి. శనగపప్పు బదులు రాజ్మా వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎర్ర రాజ్మాలో సహజంగా ఉండే విషపదార్థం స్లో కుక్కర్ తక్కువ వేడికి చావదు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట తెర్లనిచ్చాకే ఇందులో వేయాలి. కడుపునొప్పి, వాంతులతో ఆసుపత్రికి పోవడం కన్నా ఆ అరగంట నయం.

సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరారనుకుందాం. నాబ్ హైకి తిప్పండి, మూత మాత్రం అప్పుడే తియ్యొద్దు. తీసిన ప్రతిసారీ పదిహేను ఇరవై నిమిషాల వేడి పోతుంది. సాసేజ్ సిద్ధం చేసుకున్నాకే తీయాలి.

ఇక్కడి సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో దొరికే చికెన్ సాసేజ్ చాలావరకు ముందే ఉడికించినది. ప్యాకెట్ మీద చదివి చూసుకోండి. అందులో మాంసంతోపాటు పిండి, సోయా కూడా ఉంటాయి కాబట్టి నీళ్లలో ఎక్కువసేపుంటే మొదట ఉబ్బుతుంది, తర్వాత తొక్క చిట్లుతుంది, ఆఖరుకు చప్పగా కుంగిపోతుంది. ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. గడ్డకట్టిన మాంసాన్ని స్లో కుక్కర్‌లో వేయనే కూడదు, అది కరిగి వేడెక్కేలోపు సూక్ష్మజీవులకు పండగ. కరిగిన సాసేజ్‌ని ఏటవాలుగా అంగుళం ముక్కలు కోసి, మూకుట్లో చెంచా నూనెలో రెండు పక్కలా మచ్చలు పడేదాకా నాలుగు నిమిషాలు వేయించి గిన్నెలో వేస్తే అరగంట చాలు. మూకుడికి అంటుకున్న ఆ గోధుమరంగు మడ్డిని వదలొద్దు. అరగ్లాసు వేడినీళ్లు పోసి గరిటెతో గీకి అదీ గిన్నెలో పొయ్యండి, రుచంతా అందులోనే ఉంది.

విదేశాల్లో మీ ఊళ్లో దొరికే పచ్చి ఇటాలియన్ సాసేజ్ లెక్క వేరు. దాన్ని కోయకుండా, గుచ్చకుండా సన్నమంట మీద పన్నెండు పదిహేను నిమిషాలు తిప్పుతూ వేయించి, లోపల ఎరుపు లేకుండా ఉడికాకే ముక్కలు కోయాలి. థర్మామీటర్ ఉంటే చికెన్‌కు 74 డిగ్రీల సెల్సియస్, పోర్క్‌కు 71. పొగపట్టిన పోలిష్ సాసేజ్ కీల్‌బాసా లాంటిది అన్నిట్లోకీ సులువు, కాకపోతే ఉప్పు కషాయం. ఏ సాసేజ్‌లోనైనా ఉప్పు దండిగా ఉంటుంది గనక కూరలో ఉప్పు చివరి పది నిమిషాల దాకా వేయకండి.

ఆకుకూర దగ్గర చాలామంది గొడ్డలి పెట్టు పెడతారు. తోటకూరలో కాడ వేరు, ఆకు వేరు. లేత కాడలు అర అంగుళం ముక్కలు చేసి సాసేజ్‌తోపాటే వేయాలి. ఆకు తరిగి, దించడానికి ఇరవై నిమిషాల ముందు. మొదట గిన్నె నిండి పొర్లేలా కనిపిస్తుంది, రెండు విడతలుగా వేసి అడుక్కి నొక్కితే ఐదు నిమిషాల్లో పిడికెడవుతుంది. ఆకుపచ్చ రంగుకు ఆధారమైన మెగ్నీషియం వేడికీ పులుపుకీ ఊడిపోతుంది, అప్పుడే ఆకు ఖాకీ రంగుకు తిరుగుతుంది. ఇరవై నిమిషాలకు పచ్చదనం కాస్త నిలుస్తుంది, పసరు వాసనా పోతుంది. పుంటికూరకు ఎలాగూ రంగు నిలవదు, దాని పులుపే దాన్ని మారుస్తుంది. అందుకే దాన్ని గిన్నెలో ఉడికించే ప్రయత్నమే వద్దు. ఖాళీ అయిన సాసేజ్ మూకుట్లోనే చీల్చిన పచ్చిమిర్చితో కలిపి మూడు నాలుగు నిమిషాలు మగ్గనిచ్చి, ముద్దయ్యాక చివర్లో కలపండి. సాసేజ్ కొవ్వు నోటికి అంటకుండా కోసేది ఆ పులుపే. పుంటికూర దొరకని ఊళ్లో సీసా గోంగూర పచ్చడి ఒక చెంచా వేస్తే సరి, ఉప్పు అంతమేరకు తగ్గించుకోండి. తోటకూర బదులు విదేశీ ఆకుకూరల్లో కేల్ అయితే నలభై నిమిషాలు, కొలార్డ్ అయితే ఈనె తీసి హైలో గంటన్నర. పాలకూరకు ఐదు నిమిషాలు, అదీ ఎక్కువే. బెండకాయ దయచేసి వద్దు, జిగురు వదలడం తప్ప ఇంకేం చేయదు.

పలచగా ఉందనిపిస్తే పిండి కలపక్కర్లేదు. అంచున ఉన్న నాలుగు ఆలుగడ్డ ముక్కల్ని గరిటె వెనకతో గిన్నెకే అదిమి చిదిపితే రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది. పైన తేలిన నూనె ఎక్కువనిపిస్తే గరిటెతో తీసేయండి. తాలింపు మాత్రం వదలొద్దు: నెయ్యి, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. పొద్దుట్నుంచీ మూతకింద ఉన్న కూరకు ఘాటు వచ్చేది ఆ చుయ్యి చప్పుడు తర్వాతే. జొన్నరొట్టెతో బాగుంటుంది. అన్నంలోకైతే ఇంకో గ్లాసు వేడినీళ్లు ముందే పోసుకోవాలి.

కరెంటు సంగతి మళ్లీ ఒక్కసారి. మధ్యలో పోయిందని తెలిస్తే గిన్నెను స్టవ్ మీద పెట్టొద్దు, పింగాణీ పగులుతుంది. కూరను సర్వలోకి ఒంపి గ్యాస్ మీద పూర్తి చేయండి. ఎన్నిగంటలు పోయిందో తెలియకపోయినా, కూర సగం ఉడికి గోరువెచ్చగా కనిపించినా, పారబోయండి. పప్పే కదా పోయేది, సాసేజ్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంటుంది. మిగిలిన కూరను వెడల్పాటి గిన్నెలోకి తీసి రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు స్లో కుక్కర్‌లో వెచ్చబెట్టడం మాత్రం వద్దు, అది మెల్లగా వేడెక్కే లోపే కూర చెడుతుంది. స్టవ్ మీద రెండు పొంగులు రానిచ్చి, అవసరమైతే నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకోండి.