సిలబస్‌లో జియోడెసీ ఉందో లేదో ముందు చూడండి

సివిల్ బీటెక్ తర్వాత సర్వేయింగ్‌లో ఎంటెక్ చేయాలనుకునే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఏ కోర్సు ఎంచుకోవాలో చెప్పే వ్యాసం ఒకటి చదివాను, పనికొస్తుంది. కానీ అందులో జియోమాటిక్స్, రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ మూడూ ఒకటే అన్నట్టు రాశారు. కాదండీ. మొదటిది ప్రధానంగా కొలత, రెండోది ఉపగ్రహం, విమానం తీసిన చిత్రం చదవడం, మూడోది ఆ సమాచారాన్ని పొరలుగా పేర్చి విశ్లేషించడం. కొలత మీద ఇష్టం ఉన్నవాళ్లు సిలబస్‌లో జియోడెసీ (భూమి ఆకారాన్ని కొలిచే శాస్త్రం), లీస్ట్ స్క్వేర్స్ అడ్జస్ట్‌మెంట్ (కొలతల్లోని తప్పులను సర్దే లెక్క), జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాలతో స్థానం కనుక్కోవడం) ప్రాసెసింగ్, ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలవడం) వెతకండి. సాఫ్ట్‌వేర్ పేర్లే కనిపిస్తే ఆ కోర్సు వద్దు, అది ఆరు నెలల్లో బయట నేర్చుకోవచ్చు.

ఈ సబ్జెక్టులు ఎందుకంటే, జీఎన్ఎస్ఎస్ రిసీవర్ ఎత్తును ఎలిప్సాయిడ్ (భూమికి గణితంగా అనుకున్న నునుపైన ఆకారం) నుంచి లెక్కిస్తుంది. మన ప్రాంతంలో ఆ అంకె సముద్రమట్టం లెక్క కంటే 80 మీటర్లకు పైగా తక్కువ. పోనీ ఒకే అంకె కలిపేద్దామంటే జియాయిడ్‌కూ (సముద్రమట్టాన్ని నేల కిందుగా పొడిగిస్తే వచ్చే ఉపరితలం) ఎలిప్సాయిడ్‌కూ మధ్య తేడా చోటునుబట్టి మారుతుంది. కాలువకు కిలోమీటరుకు 10-20 సెంటీమీటర్ల వాలే ఇస్తారు, అక్కడ కొన్ని సెంటీమీటర్ల తప్పుకే నీళ్లు నిలిచిపోతాయి. శేషాచలం చెట్ల కింద ఆర్‌టీకే ఫిక్స్ (ఉపగ్రహాలతో అక్కడికక్కడే సెంటీమీటర్ల కచ్చితత్వంతో వచ్చే స్థానం) సరిగా దొరకదు, టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే పరికరం) ట్రావర్సే, అంటే బిందువు నుంచి బిందువుకు కొలుచుకుంటూ పోవడమే దిక్కు. ఆ ట్రావర్స్‌ను మూసి (తెలిసిన బిందువు దగ్గర ముగించి), వచ్చిన తేడాను చేత్తో లెక్కగట్టి సవరించడం రావాలి.

గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్‌కు విడిగా పేపరుంది. అందులో ‘సర్వేయింగ్ అండ్ మ్యాపింగ్’ భాగం ఎంచుకోవచ్చు. రూర్కీ, కాన్పూర్ ఐఐటీలు చూడండి. చేరేముందు ల్యాబ్‌కెళ్లి, డ్యూయల్ ఫ్రీక్వెన్సీ (రెండు పౌనఃపున్యాల్లో సంకేతాలు అందుకునే) జీఎన్ఎస్ఎస్ రిసీవర్లు ఎన్ని, ఫీల్డ్ క్యాంపు ఎన్ని రోజులు అని సీనియర్లనే అడగండి.