ఏ దేవుడికి బిడ్డా ఈ ఒక్కపొద్దు?

మా అమ్మకు 74 ఏళ్లు. ఏకాదశులు, శివరాత్రి, కార్తీక సోమవారాలు, ఇవి చాలవన్నట్టు పిల్లల పరీక్షలకూ కోడళ్ల కాన్పులకూ మొక్కుకున్న శనివారాలు. అన్నీ లెక్కేస్తే ఆమె తిన్న రోజులు ఎక్కువో తినని రోజులు ఎక్కువో చెప్పడం కష్టం. ఈ విద్య ఆమె ఎక్కడా నేర్చుకోలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. నేను మాత్రం 47వ ఏట ఫోనులో ఒక యాప్ దింపుకొని, రోజులో 16 గంటలు పస్తుండి మిగిలిన 8 గంటల్లోనే తినే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మొదలుపెట్టాను. నల్లగొండలో నాకు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. తెలియనివాళ్లకు గడియారం సెంటర్‌లో నిలబెట్టి మరీ చెప్పాను.

మధ్యాహ్నం 12కు తిండి మొదలు, రాత్రి 8కి ముగింపు. మధ్యలో నీళ్లు, చక్కెర లేని బ్లాక్ కాఫీ. నలభై రోజులు నిష్ఠగా చేశాను. 84 కిలోలవాడిని 80కి దిగాను. బెల్టు రెండు చిల్లులు లోపలికి జరిగింది. ఆ రెండు చిల్లులతో నాకు వచ్చిన గర్వం ఇంతా అంతా కాదు. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి విస్తరిలోకి చూసి, ఆయన అడగకుండానే, ఇన్సులిన్ గురించి చెప్పాను. ఆయన లేచి వేరే వరసలోకి వెళ్లి కూర్చున్నారు.

ఈ నలభై రోజులూ అమ్మ మిర్యాలగూడలో మా అన్నయ్య ఇంట్లో ఉంది. ఆ సంగతికీ నా నిష్ఠకూ ఉన్న సంబంధం అప్పట్లో నాకు తట్టలేదు.

బతుకమ్మ పండుగకు అమ్మ వచ్చింది. ఎంగిలిపూల నాడు ఆడవాళ్లంతా ఆడి, పాడి, బతుకమ్మలను చెరువులో సాగనంపి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నేను తిండి దుకాణం ఎనిమిదింటికే కట్టేశాను. అమ్మ వచ్చీ రాగానే నువ్వుల సత్తు చేతిలో పెట్టింది. టైము దాటింది అన్నాను. "ప్రసాదానికి టైము ఏమిటి?" అంది. నిజమే కదా అనిపించింది. పతనం ఎప్పుడూ ఇలా నిజమే కదా అనిపించే మాటతోనే మొదలవుతుంది.

మర్నాడు అటుకులు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు. నాలుగో రోజు నానబియ్యం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ; ఆ రోజు అమ్మవారికి నైవేద్యం ఉండదు. తొమ్మిది రోజుల పండుగలో నా నియమానికి అతికినట్టు సరిపోయే రోజు అదొక్కటే. కానీ ముందురోజు అట్లపిండి మిగిలింది. ఆ తర్వాత వేపకాయల్లా చేసి నూనెలో వేయించిన పిండివంట, వెన్నముద్దలు, సద్దుల నాడు అయిదు రకాల సద్దులు, ఆ వెంటనే దసరా. దసరా నాడు మటన్ వద్దన్నవాడిని మా వైపు అనుమానంగా చూస్తారు. ఎందుకొచ్చిన అనుమానం అని తిన్నాను.

దీపావళి నాటికి బెల్టు పాత చిల్లుకు వచ్చేసింది. ఇంక మళ్లీ మొదలుపెట్టాలి. మొదటిసారి మొదలుపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు, తెలియక మొదలుపెడతాం. రెండోసారి అన్నీ తెలిసి మొదలుపెట్టాలి. ఉదయం పదిన్నరకు కడుపులో ఏమవుతుందో తెలుసు, పదకొండింటికి ఆఫీసు ముందు బండి మీద మిరపకాయ బజ్జీ నూనెలో పడే చప్పుడు ఎలా ఉంటుందో తెలుసు. సోమవారం నుంచి అనుకున్నాను. ఏ సోమవారమో అనుకోలేదు.

ప్రేరణ కోసం వెతకసాగాను. బిగుతైపోయిన ప్యాంటును రోజూ కంటికి కనిపించేలా తలుపుకు తగిలించాను. మా ఆవిడ దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. రాత్రి పదకొండింటికి సంకల్పబలం గురించి ఒక వీడియో గంటసేపు చూశాను, బాగుంది. చూస్తూ చూస్తూ పావుకిలో పల్లీ పకోడీ అయిపోయింది. యాప్ మాత్రం రోజూ మర్యాదగా గుర్తుచేసేది: మీ ఆఖరి ఉపవాసానికి 36 రోజులైంది. సహకార సంఘం అప్పు నోటీసు కూడా అంత మర్యాదగా ఉండదు.

చివరికి ఒక ఆదివారం తెగించాను. రాత్రి సరిగ్గా 8కి ఆఖరి ముద్ద తిని, చెయ్యి కడుక్కొని, యాప్‌లో మీట నొక్కి, రేపు పొద్దున నాకు టిఫిను వద్దని ప్రకటించాను.

"ఒంట్లో బాగాలేదా?" అంది అమ్మ.

"బాగానే ఉందమ్మా. ఉపవాసం."

"ఏ దేవుడికి బిడ్డా ఈ ఒక్కపొద్దు?"

దేవుడికి కాదన్నాను. యోషినోరి ఓసుమి అనే జపాన్ శాస్త్రవేత్త ఉన్నాడని, ఆయనకు 2016లో నోబెల్ బహుమతి వచ్చిందని, పోషణ దొరకనప్పుడు కణాలు తమలో పేరుకున్న పనికిరాని సరుకును తామే తిని తిరిగి వాడుకుంటాయని, దాన్ని ఆటోఫజీ అంటారని, అంటే తన్ను తాను తినడమని విడమరచి చెప్పాను.

అమ్మ శ్రద్ధగా విన్నది. "ఇంట్లో ఇంత అన్నం పెట్టుకొని నిన్ను నువ్వు తినడమెందుకు బిడ్డా?" అంది.

ఓసుమి గారు ఆ పరిశోధన ఈస్ట్ కణాల మీద చేశారు. ఈస్ట్‌కు తల్లి లేదు, దసరా లేదు. ఇడ్లీపిండి పులిసినంత ప్రశాంతంగా దాని బతుకు సాగిపోతుంది. దాన్ని పస్తు పెట్టడంలో గొప్పేముంది? ఆ ప్రయోగం మా ఇంట్లో చేసి ఉంటే ఈస్ట్‌కు కూడా రాత్రి తొమ్మిదిన్నరకు ఎవరో ఒకరు సత్తు తినిపించేవాళ్లు.

ఇక్కడే నాకొక సంగతి వెలిగింది. రంజాన్ నెలలో మా ఆఫీసులో రోజా ఉన్నవారి ఎదుట ఎవరూ టీ కూడా తాగరు. మాల వేసుకున్నవాడిని అధికారి సైతం స్వామీ అని పిలుస్తాడు. అదే నేను ఉపవాసం అంటే బజ్జీ తెచ్చి ముక్కు కింద పెట్టి, ఒక్కదానితో ఏమవుతుంది అంటారు. వాళ్ల ఉపవాసాలకు దేవుడు కంచె. నా ఉపవాసానికి ఉన్నది నా పొట్ట ఒక్కటే, దానికి ఊళ్లో ఏపాటి పరపతి ఉంది? కంచె లేని చేను కాబట్టి ఎవరి గొడ్డు వచ్చినా మేస్తోంది. ఒక్కరోజుకు, మొదలుపెట్టేవరకు, ఒక దేవుడిని అరువు తెచ్చుకుంటే తప్పేమిటి?

"రేపు సోమవారం కదమ్మా," అన్నాను. "శివుడికే అనుకో."

అమ్మ ముఖం దీపం పెట్టినట్టయింది. "కార్తీక సోమవారం! ఎన్నాళ్లకు బుద్ధి పుట్టింది బిడ్డా!" అంది. మా ఆవిడ ఫోనులోంచి తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో జాలి ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"పొద్దు గుంకి చుక్క పొడిచే దాకా ఉండాలి. చుక్కను చూసి, దీపం పెట్టి, అప్పుడు తినాలి," అంది అమ్మ.

"పన్నెండింటికి విడవకూడదా?"

"పన్నెండింటికి శివుడేమన్నా డ్యూటీ దిగుతాడా?"

మా ఆవిడ అడ్డుపడి, పాలూ పండ్లూ తీసుకోవచ్చు కదా అత్తమ్మా అంది. "తీసుకోవచ్చు. ఉండలేనివాళ్లు తీసుకుంటారు," అంది అమ్మ. ఆ మాట దగ్గర నేను ఊరుకోవాల్సింది. నలభై రోజులు చేసినవాడిని, నాకు పాలెందుకు అన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, సాక్షులున్నారు.

ఆఫీసు ముందరి బజ్జీల బండి నుంచి తప్పించుకోవడానికి ముందే సెలవు పెట్టి ఉన్నాను. ఆ సెలవు శివుడి ఖాతాలో పడింది. పదిన్నరకు అమ్మను స్కూటర్ మీద ఎక్కించుకొని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాను. కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం అది. మూడు గర్భగుళ్లలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద నిలువునా ఒక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు ఎటు జరిగినా ఆ నీడ పగలంతా అక్కడే ఉంటుంది. ఎదుటి మండపంలోని స్తంభాలను దాటి వెలుతురు వచ్చే తీరును బట్టి అలా కనిపిస్తుందని చదువుకున్నవాళ్లు చెబుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి ఆశ్చర్యపోతారు. నేనూ చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసి ఆశ్చర్యపోయాను.

ఆ రోజు మాత్రం ఆశ్చర్యం కలగలేదు, దిగులు కలిగింది. ఆకలితో ఉన్నవాడు చూడదగిన నీడ కాదది. పదకొండింటికి చూశాను, అక్కడే ఉంది. మండపం చుట్టూ తిరిగి చాలాసేపైంది అనుకొని చూశాను, అక్కడే ఉంది. ఫోను చూస్తే తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఆ గుడి కట్టిన శిల్పి కూడా ఏదో కార్తీక సోమవారం నాడే ఈ ఆలోచన చేసి ఉంటాడు.

సరిగ్గా 12కు యాప్ గంట మోగించింది: 16 గంటలు పూర్తయ్యాయి, ఇక మీరు భోజనం చేయవచ్చు. అదే నిమిషంలో ఎవరో భక్తులు మొక్కు తీర్చుకుంటూ పులిహోర పంచడం మొదలుపెట్టారు. విజ్ఞానమూ దైవమూ ఒక్క మాట మీదికి వచ్చిన అరుదైన క్షణం. చెయ్యి చాపాను. ఆకు దొప్ప నా చేతిలో పడకముందే అమ్మ అందుకొని, "వాడికి ఒక్కపొద్దు," అని పంచేవాళ్లకు చెప్పి, సంచిలో పెట్టుకుంది. ప్రసాదానికి టైము ఏమిటి అన్న మాట గుర్తుచేశాను. "అది పండుగ, ఇది ఒక్కపొద్దు," అంది. మా ఇంట్లో శాస్త్రం ఎప్పుడూ నేను లేని వైపే ఉంటుంది.

ఇంటిదాకా ఇంగువ వాసన నా వీపుకు అంటుకొని వచ్చింది. దారిలో బత్తాయిల రాశి కనబడితే స్కూటర్ దానంతట అదే నెమ్మదించింది. ఉండలేనివాళ్లు అన్న మాట గుర్తొచ్చి మళ్లీ వేగం పెంచాను.

మధ్యాహ్నం సంగతి చెప్పుకోదగ్గది కాదు. పడుకున్నాను, లేచాను, మళ్లీ పడుకున్నాను. నాలుగింటికి లేచి చూసేసరికి అసలు విపత్తు తలమీదికి వచ్చి ఉంది: ఆకాశం నిండా మబ్బు. బంగాళాఖాతంలో అల్పపీడనమట. ఈ రోజుల్లో అది ఏటా వచ్చేదే, పేపరులో చదివి పేజీ తిప్పేవాడిని. అది నా కంచానికి అడ్డంగా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆరు కాకముందే పొద్దు గుంకింది. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టింది. నలుగురం మిద్దె మీదికి ఎక్కాం. చుక్క లేదు. ఆరున్నరకు లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు వెలుతురు కనిపిస్తే అదిగో అన్నాను. "అది లైటు నాన్నా," అంది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి, ఈ వయసు పిల్లలకు కన్నతండ్రి మీద దయ ఉండదు. ఏడింటికి మిర్యాలగూడ నుంచి వదిన ఫోను చేసి, మాకు చుక్క కనిపించింది, మా తిండి అయిపోయింది అంది. ఆకాశం అందరికీ ఒకటే కదమ్మా అన్నాను. "అది వాళ్ల చుక్క," అంది అమ్మ.

మా అమ్మాయికి జాలి కలిగి తన ఫోనులో నక్షత్రాలు చూపించే యాప్ తెరిచింది. ఆకాశం వైపు పెడితే మబ్బు వెనుక ఏముందో చెబుతుందట. తూర్పుకు పెట్టింది. మొదట కనిపించింది శని. "శనిని చూసి ఒక్కపొద్దు విడుస్తారా ఎవరైనా?" అని అమ్మ చెంపలు వేసుకుంది. ఈ గొడవంతా అయ్యేదాకా ఆమె మిద్దె మీద అటూ ఇటూ నడుస్తూనే ఉంది. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నేను నీళ్లట్యాంకుకు ఆనుకొని కూర్చున్నాను.

ఏడూ యాభైకి మబ్బు కొంచెం చిరిగింది. ఆ చిరుగులోంచి ఒకటే ఒకటి, చిన్నది, మినుకుమంది. దాని పేరేమిటో అమ్మాయి ఫోను చూసి చెప్పబోయింది. నేను అప్పటికి మెట్ల మీద ఉన్నాను.

ముద్దపప్పు, సొరకాయ కూర, పెరుగు, పరమాన్నం, పొద్దుటి పులిహోర. ఎంత తిన్నానో రాయను. మొదటి ముద్దకు ముందు యాప్‌లో మీట నొక్కితే ఫోను తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు రాలాయి: 23 గంటల 52 నిమిషాలు, మీ జీవితంలో ఇదే అత్యధికం. ఆ చప్పుడు ఏమిటని అమ్మ అడిగింది. చెప్పాను. "మెచ్చుకోవడానికి అదొకటా?" అంది. కానీ చెయ్యి కడుక్కోగానే మిర్యాలగూడకు ఫోను చేసి, మావాడు ఒక్క చుక్క పాలైనా ముట్టకుండా ఉన్నాడని, మిగిలిన మూడు సోమవారాలూ ఇలాగే ఉంటాడని చెప్పేసింది. రాత్రి పదింటికల్లా ఆ వార్త హైదరాబాద్ మేనత్త దాకా వెళ్లింది.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి అమ్మ ఉప్మా పళ్లెంతో మంచం దగ్గరికి వచ్చింది. నిన్నంతా పస్తున్నావు, వేడిగా తిను అంది. పన్నెండు దాకా తినకూడదమ్మా అన్నాను.

ఆమె పళ్లెం అలాగే పట్టుకొని, ఆశగా అడిగింది: "ఇవాళ ఏ దేవుడికి బిడ్డా?"

మంగళవారం ఎవరిదో నాకు తెలుసు. ఆయన పేరెత్తితే ఎన్ని వారాలకు కట్టుబడాలో, ఎన్ని ప్రదక్షిణలు చేయాలో కూడా తెలుసు. లేచి కూర్చొని పళ్లెం అందుకున్నాను. ఉప్మాలో జీడిపప్పు కూడా వేసింది.