తెలంగాణ గడ్డపై తొలిసారి మాట్లాడిన మైనం

నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు ముందు కట్టిన బ్యానరు చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "తెలంగాణ గడ్డపై తొలిసారి మైనం మాట్లాడుతుంది. రండి, మౌనంగా వినండి" అని దాని మీద రాసి ఉంది. అంటే ఇన్నాళ్లూ ఈ గడ్డ మీద మైనం నోరు మూసుకుని కూర్చున్నదన్న మాట. కరెంటు పోయిన ప్రతి రాత్రీ కొవ్వొత్తి ముందు కూర్చుని పరీక్షలకు చదివిన తరం మాది. ఒక్కనాడైనా అది మాతో పలికిన పాపాన పోలేదు. పలికి ఉంటే లెక్కల్లో నాలుగు మార్కులు ఎక్కువ వచ్చేవి.

విషయమేమిటంటే, వేడి మైనంతో బొమ్మలు వేసే చిత్రకారులు ఇరవై మందికి పైగా అక్కడ మూడు రోజుల సమ్మేళనం పెట్టుకున్నారు. ఏ కాలంలో? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. మూఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, హాలు సగం అద్దెకు దొరికింది. మైనానికి ముహూర్తం పట్టింపు లేదని నిర్వాహకులు చెప్పారు. ఎండ పట్టింపు కూడా లేదా అని అడుగుదామనుకున్నాను. మౌనంగా వినమన్నారు కదా, ఊరుకున్నాను.

ముందే చెబుతున్నాను, ఆ కళ మీద నాకు కోపం లేదు. తేనె మైనంలో కొంచెం డామర్ అనే చెట్టు బంక కలుపుతారు. మన గుగ్గిలానికి అది దగ్గరి చుట్టం. రంగు పొడి వేసి, పెనం మీద కరిగించి, గడ్డకట్టే లోపల చెక్క మీద పూస్తారు. ఆ పైన మళ్లీ వేడి చూపించి పొరకు పొరను అతికిస్తారు. దీనిని ఎన్‌కాస్టిక్ అంటారు. గ్రీకు నుంచి వచ్చిన ఆ పేరుకు అర్థమే వేడితో కాల్చి పట్టించడం. రోమనుల ఏలుబడిలో ఉన్న ఈజిప్టులో, ఫయూమ్ ప్రాంతంలో, చనిపోయినవారి ముఖాలను చెక్క పలకల మీద ఇలాగే వేసి మమ్మీలకు ముఖం ఉండే చోట బిగించేవారు. ఆ బొమ్మల వయసు పద్దెనిమిది, పంతొమ్మిది వందల ఏళ్లు. ఆ కళ్లు ఇప్పటికీ "ఎప్పుడు వచ్చావు నాయనా, భోజనం చేశావా" అని అడుగుతున్నట్టే ఉంటాయి. అమెరికాలో జాస్పర్ జాన్స్ అనే చిత్రకారుడు 1954, 55లలో పత్రికల ముక్కలు అతికించి, వాటి మీద మైనం పూసి తన దేశపు జెండా వేశాడు. ఆ పొరల కింది అచ్చు నేటికీ కనబడుతుంది. పత్రికలకు రాసేవాడిగా నేను అసూయపడిన బొమ్మ అదొక్కటే. నా వ్యాసాలకు దొరికే పొర మిరపకాయ బజ్జీల నూనె.

ఇంత గొప్ప కళకు ఆ బ్యానరు ఎందుకు? "తొలిసారి" అనే మాట లేకపోతే మన దగ్గర రిబ్బను తెగదు కాబట్టి.

రిబ్బను కత్తిరించడానికి ఒక రోడ్ల కాంట్రాక్టరును పిలిచారు. ఆ సగం అద్దె కట్టింది ఆయనే. వేదిక మీద ఒక పెద్దమనిషి అరగంట పాటు మైనం ఆత్మ గురించి, వేడి తత్వం గురించి ఉపన్యసించారు. కాంట్రాక్టరు గారు కళ్లు మూసుకుని ధ్యానంలోకి వెళ్లారు. "మైనానికి గట్టిదనం ఇచ్చేది డామర్" అనగానే ఆయన చటుక్కున కళ్లు తెరిచారు. ఆయన చెవికి అది డాంబరు అని వినబడింది. ఆ తర్వాత మైకు ఆయన చేతికి వెళ్లింది, తిరిగి రాలేదు. "డాంబరు వేడి మీద ఉండగానే పరవాలి. చల్లారితే పట్టదు. కింద దుమ్ము ఉంటే లేచిపోతుంది. పొర మీద పొర వేసేటప్పుడు కింది పొర కొంచెం వేడెక్కాలి, లేకపోతే రెండూ విడిపోతాయి" అని ఆయన పది నిమిషాలు చెప్పారు. ఆ మూడు రోజుల్లో ఆ కళ గురించి నేను విన్న సరైన మాటలు అవే. చివర్లో ఆయన నవ్వి, "మీది రెండు వేల ఏళ్లు ఉంటుందట. మాది వానాకాలం దాకా" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. మా ఊరి రోడ్డు మీద నడుము విరిగినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేనట్టున్నారు.

ఇక ప్రదర్శన. ప్రతి చిత్రకారుడి ముందూ ఒక కరెంటు పెనం, పక్కన వేడి గాలి ఊదే యంత్రం. గాలి తగిలితే మైనం తొందరపడుతుందని ఫ్యాన్లు ఆపించారు. వీధి రొద వస్తే మైనం మాట వినబడదని తలుపులు వేయించారు. బయట ఎండ నలభై నాలుగు, పైన రేకులు. తేనె మైనం కరిగేది అరవై రెండు, అరవై నాలుగు డిగ్రీల దగ్గర. కాసేపటికి ఎవరు ముందు కరుగుతారో, మైనమా మనమా, తేలని పరిస్థితి వచ్చింది. ఎవరో పెనాన్ని బాగా పెంచేశారు. మైనం మాడితే గొంతు పట్టే పొగ వస్తుంది, అందుకే ఈ పని కిటికీలు తెరిచి చేయాలి. ముందు వరుసలో అందరి కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. "కన్నీళ్లు వస్తున్నాయా? మైనం మీతో మాట్లాడుతోంది" అన్నారు పెద్దమనిషి, తాను రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

అప్పుడే ఫ్యూజు ఎగిరింది. పెళ్లి హాలు తీగలు పూలదండల మధ్య చిన్న బల్బులు మోయడానికి వేసినవి. ఇరవై పెనాలు మోయమంటే అవి మాత్రం ఏం చేస్తాయి? జనరేటరు అబ్బాయి వచ్చి చూసి, "దీనికి వంట గ్యాసు మేలు సార్" అని వెళ్లిపోయాడు. పెనాల మీద రంగులు గడ్డకట్టడం మొదలైంది. కుంచెలు కర్రల్లా బిగుసుకుపోయాయి. గడ్డం నెరిసిన ఒక ప్రముఖుడు సగం పూసిన తన బొమ్మను చంటిబిడ్డలా ఎత్తుకుని హాలంతా తిరిగాడు. వేడి కావాలట. రోహిణి కార్తెలో, నల్లగొండలో, ఆయనకు వేడి కావాలట!

ఎదురుగా చెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. దాని మీద కరెంటుతో పని లేని బొగ్గుల పెట్టె. నిర్వాహకులు పరుగెత్తి ఆ ఇస్త్రీ ఆయనను పెట్టెతో సహా తీసుకొచ్చారు. ఆయన బొమ్మను బల్ల మీద పరిచాడు, అలవాటు కొద్దీ నోట్లో నీళ్లు పోసుకుని పుసుక్కున చల్లబోయాడు. ముగ్గురు కలిసి ఆపారు. తర్వాత మెడ దగ్గర నుంచి మొదలుపెట్టి, భుజాలు, చేతులు, వీపు అన్నట్టు ఆ చెక్కను నున్నగా ఇస్త్రీ చేశాడు. నీలం వెళ్లి పసుపులో కలిసింది. ఎరుపు అంచుకు పారింది. అడవిగా మొదలైన బొమ్మ చెరువై తేలింది. "ఇప్పుడు పూర్తయింది" అన్నాడు గడ్డం ఆయన, గొంతు వణుకుతుండగా, సంతకం పెడుతూ. సంతకం ఆయనదే. ఇస్త్రీ ఆయనకు జత చొక్కాల డబ్బులు ఇచ్చారు.

పెట్టె అడుగున అంటిన నీలి మైనం తుడవాలని ఎవరికీ తోచలేదు. తర్వాత ఇస్త్రీకి వచ్చిన బట్ట కాంట్రాక్టరు గారి తెల్ల చొక్కా. ముగింపు సభలో ఆయన అటు తిరిగినప్పుడు వీపు మీద నీలి మేఘం కనబడింది. అది కళాకారుల పట్ల సంఘీభావమని వేదిక మీది వారు ప్రకటించారు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర ఒక ముసలాయన కూర్చున్నాడు. నల్లమల చెంచు. ముందు తేనె సీసాలు, గుడ్డ మూటలో పసుపుపచ్చని మైనం ముద్ద. కాపలా మనిషి వచ్చి, తేనెకు ఈగలు ముసురుతాయి, బొమ్మల మీద వాలుతాయి, లేవమన్నాడు. అటుగా వచ్చిన ఒక చిత్రకారిణి ముద్దను తీసి వాసన చూసి, "ఇందులో మలినాలు ఉన్నాయి. మేం వాడేది తెల్లగా శుద్ధి చేసి విదేశం నుంచి వచ్చింది" అని తిరిగి ఇచ్చేసింది.

మలినమట! అమ్రాబాద్ అడవుల్లో కొండచరియకు వేలాడే తేనెపట్టు కోసం మనిషి తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడమ్మా. పైన తాడు పట్టుకునేది బావమరిది, తోబుట్టువు పసుపు కుంకుమలు పోనివ్వడని నమ్మకం. పొగ, కుట్టే ఈగలు, కాళ్ల కింద గాలి. తెచ్చిన పట్టును పిండి, మిగిలిన పిప్పిని నీళ్లలో కాచి, గుడ్డలో వడగడితే వచ్చేది ఆ ముద్ద. మీ డబ్బా మైనం కూడా ఎక్కడో ఎవరి పట్టులోదో, ఆకాశం నుంచి రాలలేదు. అటు ఆదిలాబాద్‌లో ఓజ కళాకారులు మైనాన్ని దారంలా తీసి, మట్టి అచ్చు మీద చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ గడ్డ మీద వేడి మైనం తొలిసారట, ఎవరికి తొలిసారి? హాలుకు కొంచెం దూరంలో పానగల్లులో, లింగం మీద పగలంతా కదలని నీడను నిలబెట్టినవాళ్లు ఛాయా సోమేశ్వరాలయం ముందు ఏ బ్యానరూ కట్టుకోలేదు. మీరు ఫ్యూజు ఎగరగొట్టి కట్టుకున్నారు.

"అయ్యా, కొంచెం నీడలో కూర్చోనివ్వండి" అన్నాడు ముసలాయన. మైనం మాట వినడానికి వచ్చిన ఒక్క చెవికీ అది ఎక్కలేదు. నాకు వినబడింది. లోపల భోజనాలు మొదలయ్యాయి. రెండు సీసాలు కొని, అలవాటు కొద్దీ బేరం కూడా ఆడి, నేనూ లోపలికి వెళ్లాను.

ముగింపు రోజున పత్రికల వాళ్లకు తలా ఒక బొమ్మ జ్ఞాపికగా ఇచ్చారు. నాకు వచ్చినది "సూర్యోదయం". దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్ బస్సు ఎక్కి, ఎండ పడే వైపు కిటికీ దగ్గర కూర్చుని, దానిని ఒళ్లో పెట్టుకున్నాను. కల్వకుర్తి దాటేసరికి సూర్యుడు కొండల కిందికి జారాడు. ఇల్లు చేరేసరికి నా ప్యాంటు మీద అస్తమించాడు. మిగిలిన భాగాన్ని మా ఆవిడ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది, ఇడ్లీ పిండి స్థలం పోయిందని గొణుగుతూనే. చూడదలచినవారు నిరభ్యంతరంగా రావచ్చు. తలుపు మాత్రం ఎక్కువసేపు తెరిచి ఉంచకండి, పాలు విరుగుతాయి.