సారా పోరులో జెండాలు పక్కన పెట్టారు కాబట్టే

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఎవరు మాట్లాడినా దూబగుంట అనే ఊళ్లో మొదలెట్టి, అక్కడ ఆడవాళ్లను ముందుండి నడిపించిన రోశమ్మ దగ్గర ఆపేస్తారు. రోశమ్మను తక్కువ చేయడం కాదు గానీ, ఒక ఊరి కోపం రాష్ట్రమంతా ఎలా పాకిందో ఆ కథలో కనబడదు.

1991లో జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడుస్తోంది. పగలంతా కూలికెళ్లొచ్చి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు వాచకంలో తాగుడు మీద రాసిన 'సీతమ్మ కథ' చదివి, మా ఇంట్లోనూ ఇదే గోల కదా అనుకున్నారు. కూలి డబ్బులు సారా ప్యాకెట్లకే పోతుంటే బియ్యానికి ఏం మిగులుతుంది? దూబగుంటలో కొట్టు మూయించారు, ఆ సంగతి తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది, అది చదివి పక్క ఊళ్లవాళ్లూ లేచారు. సర్కారు అచ్చేయించిన పుస్తకం సర్కారు ఆదాయానికే ఎసరు పెట్టిందన్నమాట!

1992లో జిల్లాలో సారా పాటలు, అంటే కొట్ల కోసం సర్కారు పెట్టే వేలంపాటలు, మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఊళ్లలో చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కాపలా కాశారు సరే, మరి పట్నంలో పాటను అడ్డుకోవాలంటే జనాన్ని కూడగట్టేదెవరు? అక్కడే అసలు విషయం ఉంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, వామపక్ష మహిళా సంఘాలు, వావిలాల గోపాలకృష్ణయ్య లాంటి గాంధేయవాదులు, మామూలుగా ఒకరి సభకు ఇంకొకరు రాని మనుషులు, ఒకే డిమాండు వెనక నిలబడ్డారు. ఎందుకంటే డిమాండు చిన్నది. మా ఊళ్లో సారా కొట్టు వద్దు, అంతే. దానికి గాంధీ అయినా మార్క్స్ అయినా అడ్డు రారు. పైగా ఇది వాళ్లు రాసిచ్చిన డిమాండు కాదు, ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్ల నోట పుట్టింది.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తర్వాత ఎన్నికలు. ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం హామీ ఇచ్చి గెలిచి, 1995 జనవరిలో అమలు చేశారు. పెద్ద విజయమే, కాదనను. కానీ ఊరి చేతిలో ఉన్న విషయం అక్కడితో సెక్రటేరియట్ చేతికి పోయిందని నాకనిపిస్తుంది. కొట్టు ఉండాలో వద్దో ఊరే తేల్చుకునేలా చట్టం అడిగి ఉంటే, దాన్ని తీసేయాలంటే ఊరూరా ఎదురుదెబ్బ తినాల్సొచ్చేది. హైదరాబాద్‌లో ఇచ్చిన నిషేధాన్ని 1997లో హైదరాబాద్‌లోనే సడలించేశారు, ఖజానా ఖాళీ అని చెప్పి. అప్పటికి సంఘాలు కూడా ఎవరి జెండా కింద వాళ్లు సర్దుకున్నారు.